చలువ నుంచి పెరాక్సైడ్ దాకా: సూరత్ బట్టల తెల్లదనం, కార్మికుడి ఊపిరి

1613లో జహంగీర్ ఫర్మానాతో ఆంగ్లేయులు సూరత్‌లో ఫ్యాక్టరీ పెట్టారని మీరు చదివే ఉంటారు. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, మన మచిలీపట్నంలో పెట్టారన్న సంగతీ గుర్తుండే ఉంటుంది. ఆ కాలంలో ఫ్యాక్టరీ అంటే యంత్రాలున్న కర్మాగారం కాదు. కంపెనీ ఏజెంట్లు సరుకు కొని, ఓడ వచ్చేదాకా నిల్వ చేసుకునే గిడ్డంగి. అప్పట్లో ఏజెంటును 'ఫ్యాక్టర్' అనేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

అదే మాట 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టానికి వచ్చేసరికి వేరే అర్థంలో కనిపిస్తుంది. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న రెండున్నర శతాబ్దాల్లో బట్ట తయారయ్యే తీరు మొత్తం మారిపోయింది. ఈ వ్యాసంలో ఆ మార్పులో ఒక్క పోగునే పట్టుకుందాం. బట్టను తెల్లగా చేసే పని ఎలా మారింది? ఆ పని చేసే మనిషి పీల్చే గాలికి ఏమైంది? జీఎస్-1లో ఆధునిక చరిత్ర, జీఎస్-2లో కార్మిక విధానం, జీఎస్-3లో పారిశ్రామిక విపత్తులు అని విడివిడిగా చదివే అంశాలు ఇక్కడ ఒకచోట కలుస్తాయి.

1. ఎండ, నీరు, నిమ్మరసం

మగ్గం మీంచి దిగిన నూలు బట్ట తెల్లగా ఉండదు. పత్తిలోని సహజమైన రంగు, మైనం, గంజి దానికి అంటుకొని ఉంటాయి. దాన్ని తెల్లగా చేయడాన్ని మన పెద్దలు చలువ చేయడం అనేవారు. చవుడు నీళ్లలో ఉడకబెట్టి, బండ మీద ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ తడిపి, మళ్లీ ఆరేసేవారు. పెడన, మచిలీపట్నం కలంకారీ పనిలో బట్టను పేడ నీళ్లలో నానబెట్టి ఎండబెట్టే పద్ధతి కూడా చలువలో భాగమే.

పశ్చిమ తీరంలో ఈ పనికి పేరుపడిన ఊళ్లు సూరత్ దగ్గరి నవసారి, నర్మద ఒడ్డున ఉన్న భరూచ్. 17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచ్ రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ సంగతి రాశాడు. ఆగ్రా, లాహోర్, బెంగాల్ ప్రాంతాల తెల్ల బట్టలను కూడా చలువ కోసం ఇక్కడికి తెచ్చేవారట. అందుకు ఆయన చెప్పిన కారణాలు విశాలమైన పచ్చిక మైదానాలు, సమృద్ధిగా దొరికే నిమ్మకాయలు. నిమ్మరసం నీళ్లలో ముంచనిదే బట్టకు అసలైన తెలుపు రాదని ఆనాటి నమ్మకం.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ పద్ధతికి పెట్టుబడి కాలం. ఎండ కావాలి, నేల కావాలి, రోజులు కావాలి. వంగి చేసే పని కాబట్టి నడుము నొప్పులుండేవి, చేతులు పగిలేవి. కానీ పని ఆరుబయట జరిగేది. చలువ చేసేవాడి ఊపిరికి ఆ పని వల్ల పెద్ద ముప్పు ఉండేది కాదు. గత కాలమంతా బంగారమని దీని అర్థం కాదు. ఆ పని చేసిన కులాలకు కూలి, గౌరవం రెండూ తక్కువే. శ్రమకు చెల్లించిన మూల్యం ఆ రోజుల్లో వేరే రూపంలో ఉండేదని మాత్రమే గుర్తుంచుకోండి.

2. క్లోరిన్: కాలం మిగిలింది, గాలి పాడైంది

యూరప్‌లోనూ మొదట ఇదే పద్ధతి. పచ్చిక మీద బట్ట పరిచి, పులిసిన మజ్జిగలో నానబెట్టి నెలల తరబడి చలువ చేసేవారు. పారిశ్రామిక విప్లవంలో నూలు వడకడం, నేయడం వేగం అందుకున్నాక చలువ దగ్గర పని ఆగిపోయింది. గంటల్లో నేసిన బట్ట నెలలపాటు పచ్చిక మీద పడి ఉంటే పెట్టుబడి తిరిగి రాదు కదా.

ఆ ముడిని విప్పింది రసాయన శాస్త్రం. 1774లో స్వీడన్‌కు చెందిన షీలే క్లోరిన్ వాయువును తయారు చేశాడు. 1785 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో బెర్తొలే అది బట్టను తెల్లబరుస్తుందని చూపించాడు. 1799లో స్కాట్లాండ్‌కు చెందిన చార్లెస్ టెనంట్ సున్నానికి క్లోరిన్ పట్టించి బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది.

కానీ ఆ పొడి తయారుచేసే గదుల్లోకి దిగి, దాన్ని పీపాల్లోకి ఎత్తే కార్మికుల సంగతి ఏమిటి? 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో వాళ్లు మందపాటి ఉన్ని గుడ్డను మడతలు మడతలుగా ముక్కుకు, నోటికి చుట్టుకొని పనిచేసేవారు. వాళ్ల రెస్పిరేటర్ అదే. క్లోరిన్ ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ప్రపంచమంతటికీ తెలిసింది 1915 ఏప్రిల్ 22న. ఆ రోజు బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం దాన్ని ఆయుధంగా వదిలింది. బట్టల పరిశ్రమ ఇంటి మనిషిలా వాడుకుంటున్న వాయువే యుద్ధరంగంలో విషవాయువైంది. సైనికుడికి గ్యాస్ మాస్క్ తొందరగా వచ్చింది. కార్మికుడికి అంత తొందరగా రాలేదు.

3. పెరాక్సైడ్: మంచి పేరున్న రసాయనం

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 1818లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త థెనార్ కనిపెట్టాడు. చాలాకాలం అది ఖరీదైన సరుకు. పట్టు, ఉన్ని, ఈకలు, దంతం, జుట్టు వంటి సున్నితమైన వాటిని తెల్లబరచడానికే వాడేవారు. 20వ శతాబ్దం మధ్యలో ఆంత్రాక్వినోన్ పద్ధతి వచ్చాక చవకగా, పెద్ద మొత్తంలో దొరికింది. నూలు బట్టల చలువలో క్లోరిన్‌ను క్రమంగా పక్కకు నెట్టింది.

దానికి మంచి పేరు రావడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. పని అయ్యాక అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. క్లోరిన్ లాగా మురుగులో హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలను మిగల్చదు. నదికి మేలు. అందుకే దానికి 'పర్యావరణ హిత రసాయనం' అన్న ముద్ర పడింది. భరూచ్ జిల్లాలోని దహేజ్‌లో ఇవాళ హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీ ప్లాంట్లు ఉన్నాయి. ఒకప్పుడు ఎండకు, నిమ్మకాయకు పేరుపడిన జిల్లాలోనే ఇప్పుడు వాటికి బదులు వచ్చిన రసాయనం తయారవుతోంది.

ఈ వ్యాసంలో అసలు మాట ఇదే: నదికి మంచిదైన ప్రతిదీ మనిషి ఊపిరితిత్తులకు మంచిది కానక్కరలేదు. మురుగు కాలువలోకి చేరేసరికి అది నీరే. కానీ కాలువకు చేరేముందు అది తొట్టిలో ఉంటుంది. తొట్టి పక్కన మనిషి ఉంటాడు.

4. తొట్టి పక్కన ఏం జరుగుతుంది?

సూరత్‌లో ఎక్కువగా తయారయ్యేది పాలియెస్టర్ లాంటి కృత్రిమ బట్ట. దానికి పెరాక్సైడ్ అవసరం తక్కువ. నూలు, విస్కోస్, కలనేత బట్టలు చలువ చేసేచోట మాత్రం అది మామూలు సరుకు. మిల్లుకు 35 శాతం లేదా 50 శాతం ద్రావణంగా క్యాన్లలో, ట్యాంకర్లలో వస్తుంది. దాన్ని పల్చన చేసి, కాస్టిక్ సోడా, స్థిరంగా ఉంచడానికి సోడియం సిలికేట్ లాంటివి కలిపి, బట్టను అందులో దాదాపు మరిగే వేడిలో ఉంచుతారు.

మామూలు ఉష్ణోగ్రత దగ్గర పెరాక్సైడ్ పెద్దగా ఆవిరి కాదు. ప్రమాదం మూడు సందర్భాల్లో పెరుగుతుంది. గాఢ ద్రావణాన్ని బకెట్లతో ముంచి పోసినప్పుడు. మూత లేని యంత్రంలో వేడి ద్రావణం మీంచి ఆవిరి, సన్నని తుంపర లేచినప్పుడు. ఇనుప తుప్పు, రాగి, మురికి తగిలి అది ఒక్కసారిగా విచ్ఛిన్నమైనప్పుడు. మూడో సందర్భంలో వేడి, ఆక్సిజన్ కలిసి పుడతాయి. బిగించిన పాత్ర పగలవచ్చు. దగ్గరలో తడిసిన గుడ్డ పీలికలుంటే నిప్పు అంటుకోవచ్చు.

ఆ ఆవిరి, తుంపర పీలిస్తే ముక్కు, గొంతు మండుతాయి, దగ్గు వస్తుంది, ఛాతీ బిగుస్తుంది. మోతాదు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఈ లక్షణం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా బయటపడవచ్చు. అందుకే 'ఇప్పుడు బాగానే ఉన్నాను' అని ఇంటికి వెళ్లిపోవడం ప్రమాదం. దీని వాసన కూడా బలహీనమే. ముక్కును నమ్ముకుంటే హెచ్చరిక అందేలోపే హాని జరగవచ్చు.

ఎనిమిది గంటల పనిలో సగటున 1 పీపీఎం దాటకూడదన్నది అమెరికా ప్రమాణాల్లో ఉన్న పరిమితి, భారత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులోనూ అదే ఉండేది. అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక్క భాగం. 75 పీపీఎం దగ్గర ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఈ అంకెల్లో దాగి ఉన్న ఒక షరతు చూడండి. పరిమితి లెక్క ఎనిమిది గంటలది. షిఫ్టు పన్నెండు గంటలు నడిచే చోట అదే గాలి ఊపిరితిత్తుల మీద ఎక్కువ భారం వేస్తుంది, కోలుకునే సమయమూ తగ్గుతుంది.

మాస్క్ సంగతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. ముక్కుకు కట్టుకున్న రుమాలు, దుమ్ము మాస్క్ ఈ ఆవిరిని ఆపలేవు. రంగుల ద్రావకాల కోసం వాడే బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్క్ కూడా సరైనది కాదు. పెరాక్సైడ్ ఆక్సీకరణి, బొగ్గు మండే పదార్థం, ఈ రెండూ పొసగవు. పరిమితి దాటిన చోట బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే రెస్పిరేటర్ కావాలి. అది ఖరీదైనది, బరువైనది, సూరత్ ఎండల్లో షిఫ్టంతా పెట్టుకోవడం కష్టం. కాబట్టే నిపుణులు రక్షణ చర్యల వరుసలో మాస్క్‌ను చివర పెడతారు.

ఆ వరుస మీ సమాధానాల్లో పనికొస్తుంది. మొదట ప్రమాదాన్ని తొలగించడం. తర్వాత తక్కువ హానికరమైన దానితో మార్చడం. తర్వాత ఇంజినీరింగ్ ఏర్పాట్లు: మూత ఉన్న యంత్రం, బకెట్‌కు బదులు పంపు, తొట్టి పైనే ఆవిరిని లాగేసే గొట్టం. తర్వాత పని పద్ధతులు: శిక్షణ, షిఫ్టుల మార్పు, పెరాక్సైడ్‌ను అసిటిక్ ఆమ్లం వంటి వాటికి దూరంగా నిల్వ చేయడం. గాఢమైన రూపంలో ఈ రెండూ కలిస్తే ఇంకా ఘాటైన పెరాసిటిక్ ఆమ్లం పుడుతుంది. అన్నింటి తర్వాతే మాస్క్, కళ్లద్దాలు, చేతి తొడుగులు.

5. చట్టం ఊపిరిని ఎప్పుడు చూసింది?

1881 చట్టం 100 మందికి పైగా పనిచేసే చోట్లకు వర్తించింది. బాలల వయసు, పని గంటలు, యంత్రాలకు కంచె దాని విషయాలు. 1891 చట్టం స్త్రీల పని గంటలకు పరిమితి పెట్టి, వారపు సెలవు ఇచ్చింది. ఈ తొలి చట్టాల దృష్టి గడియారం మీద, చక్రం మీద ఉంది, కార్మికుడు పీల్చే గాలి మీద అంతగా లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఇక్కడ పెద్ద మలుపు. 14వ సెక్షన్ దుమ్ము, పొగల గురించి చెబుతుంది. వాటిని లాగేసే సాధనం అవి పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలని, ఆ చోటును వీలైనంత మూసి ఉంచాలని అందులో ఉంది. మాస్క్ కంటే మూలం ముఖ్యమన్న సూత్రం మన చట్టంలో 1948లోనే చేరిందన్నమాట. ప్రమాదకర వాయువులుండే తొట్లు, గుంతల్లోకి మనిషిని దించేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు 36వ సెక్షన్‌లో ఉన్నాయి.

1984 డిసెంబర్ 2-3 రాత్రి భోపాల్ జరిగింది. మరుసటి ఏడాది డిసెంబర్ 4న ఢిల్లీలో ఓలియం లీకైంది. ఆ కేసులోనే, అంటే ఎం.సి. మెహతా కేసులో, సుప్రీంకోర్టు 1986లో సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 4-ఏ అధ్యాయం చేరింది. ప్రమాదాల సమాచారం వెల్లడించాలన్న 41-బి, గాలిలో రసాయనాల పరిమితులు చెప్పే 41-ఎఫ్, ముప్పును గుర్తిస్తే హెచ్చరించే హక్కును కార్మికుడికిచ్చే 41-హెచ్ అందులోవే. పెరాక్సైడ్‌కు 1 పీపీఎం అన్న అంకె ఈ వరుసలోనే చట్టానికెక్కింది. ఆ తర్వాత 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుడి ఆరోగ్య హక్కు 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది అహ్మదాబాద్‌కు చెందిన కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్.

ఇప్పుడు 13 చట్టాలను కలిపిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. కేంద్రం దాన్ని 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చింది. రెండు మార్పులు గుర్తుపెట్టుకోండి. విద్యుత్తు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పాత చట్టంలో 10 మంది కార్మికులు చాలు, కోడ్‌లో 20 మంది కావాలి. రసాయనాల పరిమితులు ఇంతకుముందు చట్టం షెడ్యూలులోనే ఉండేవి, కోడ్‌లో వాటిని నిర్ణయించే పని రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలకు వెళ్లింది. మొదటిది చిన్న యూనిట్లకు వెసులుబాటు అని ఒక వాదన, రక్షణ వలలో పెద్ద కన్నం అని మరో వాదన. మీ సమాధానంలో రెండూ ఉండాలి.

6. 2022 జనవరి 6, సచిన్

ఇక సూరత్‌కే తిరిగి వద్దాం. సచిన్ పారిశ్రామికవాడలో ఆ తెల్లవారుజామున ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదులుతుండగా విషవాయువు లేచింది. పక్కనే ఉన్న రంగులద్దకం మిల్లు కార్మికులు దాన్ని పీల్చారు. ఆరుగురు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది.

ఇది పెరాక్సైడ్ ప్రమాదం కాదు, ఆ రెంటినీ కలపకండి. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. చనిపోయినవాళ్లు ఆ వ్యర్థాన్ని ముట్టుకోలేదు, వాళ్ల మిల్లు పనికీ దానికీ సంబంధం లేదు. వాళ్లకు ఏ మాస్కూ ఇచ్చి ఉండే అవకాశమే లేదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరికి బలైనవాళ్లు కూడా అంతే, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు. కాలువను చూసే శాఖ ఒకటి, షెడ్డులోని గాలిని చూసే శాఖ మరొకటి. గాలికి మాత్రం ఆ విభజన తెలియదు.

7. ఏ భాషలో హెచ్చరిక?

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా పనిచేస్తున్నాయి. లింబాయత్, ఉధనా వైపు వెళితే తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఒడియా, మరాఠీ, హిందీ, ఉర్దూ మాధ్యమాలూ ఉన్నాయి. అంటే ఆ ఊరి కార్మికులు ఎన్ని భాషలవాళ్లో నగరపాలక సంస్థకు తెలుసు, పిల్లలకు బడి పెట్టేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకుంది.

ఇప్పుడు రసాయన క్యాను మీది లేబుల్ చూడండి. 2025లో కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీలో నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాల్సి ఉండేది. 'ఎక్కువమంది' అన్న మాటను పట్టుకోండి. ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న మిల్లులో తెలుగు కార్మికుడు తక్కువమందిలో పడేవాడు. సమాచారం పొందే హక్కు 41-బిలో ఉన్నా, అది అతని చెవికి చేరే దారి అక్కడే తెగిపోయేది. దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. బొమ్మలతో కూడిన గుర్తులు, అన్ని భాషల్లో ఒక్క పేజీ, చేరిన రోజే నోటితో చెప్పే శిక్షణ చాలు. పిల్లవాడికి తెలుగులో పాఠం చెప్పగలిగిన ఊరు తండ్రికి తెలుగులో హెచ్చరిక చెప్పలేదా?

ముగింపు

టావెర్నియర్ కాలంలో తెలుపుకు ధర రోజుల్లో ఉండేది. క్లోరిన్ కాలంలో ఆ ధర ఊపిరితిత్తుల మీద పడింది. పెరాక్సైడ్ నదికి పడే భారాన్ని తగ్గించింది, కానీ షెడ్డులోని మనిషి విషయంలో 'ఇది మంచి రసాయనమే కదా' అన్న నిశ్చింతను కూడా తెచ్చిపెట్టింది. 39(ఇ), 42 అధికరణాలు కార్మికుల ఆరోగ్యం, మానవీయ పని పరిస్థితుల గురించి చెబుతాయి. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని తన మౌలిక సూత్రాల్లో చేర్చింది. సూత్రాలకు కొరత లేదు. తొట్టి పైన గాలి లాగే గొట్టం ఉందా, షిఫ్టు ఎన్ని గంటలు, లేబుల్ ఏ భాషలో ఉంది అన్న మూడు చిన్న ప్రశ్నల దగ్గరే అవి నిలబడతాయో కూలతాయో తేలుతుంది. రేపు మీలో ఎవరైనా ఒక జిల్లాకు అధికారిగా వెళ్లి మిల్లు తనిఖీకి దిగితే, రిజిస్టర్ తెరవకముందే ఈ మూడూ అడగండి.

సాధన ప్రశ్న: భారతదేశంలో పారిశ్రామిక భద్రతా చట్టాలు విపత్తుల తర్వాతే పదునెక్కాయి. 1881 నుంచి 2020 వరకు గల చట్టాల ఆధారంగా ఈ వ్యాఖ్యను విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు, 15 మార్కులు)

సూచన: కేవలం 'అవును' అని రాయకండి. 1948 చట్టంలోని 14, 36 సెక్షన్లు భోపాల్‌కు ముందువే అన్న సంగతి మీ ప్రతివాదానికి బలం.